గేటుకు కట్టిన మోటారు తాడు

ఇబ్రహీంపట్నం బస్టాండులో దిగి, బోరు మోటార్లు తీసే రాంచంద్ర ఇల్లెక్కడని ఎవరిని అడిగినా చెయ్యి చాపి చూపిస్తారు. పద్నాలుగేళ్లుగా అతనికి అదే పని. ఇప్పటిదాకా ఆరువందల పైచిలుకు మోటార్లు పైకి తీశాడు. మంచాల పక్క ఒక బోరులో నలభై పైపుల కింద, అంటే ఎనిమిది వందల అడుగుల లోతున కాలిపోయి కూర్చున్న మోటారును పొద్దుగూకేలోపు బయట పెట్టి, కొత్తది దించి, నీళ్లు పోయించి మరీ ఇంటికొచ్చాడు. ఆ చేతుల్లోంచి ఒక్క మోటారు కూడా బోరులోకి జారలేదు. చుట్టూ నాలుగు మండలాల్లో ఈ మాట ధైర్యంగా చెప్పుకోగలిగిన మెకానిక్కు ఇంకొకడు లేడు. చదివింది ఊరి బడిలో పదో తరగతి. ఆ ఏడు మొదటిసారికే గట్టెక్కిన పదకొండు మందిలో తనూ ఒకడు. ఊరి బడి చదువును తక్కువ చేసేవాళ్లు ఇది కూడా గుర్తుపెట్టుకోవాలి.

మోటారు జారకపోవడానికి కారణం ఒకటే. కప్పీతో లాగిన పైపు పైకి రాగానే, దాని కింది పైపు మెడకు రెండు ఇనుప దవడల క్లాంపు బిగిస్తారు. బోరులో వేలాడే బరువంతా ఆ క్లాంపు మీద నిలబడ్డాకే పై పైపును విప్పాలి. తొందరపడ్డవాడి మోటారు పాతాళానికి పోతుంది. ఇంకా నమ్మకానికి మోటారుకు ఒక నీలిరంగు నైలాన్ తాడు కట్టి పైన ముడివేస్తారు. ఈ పద్ధతులన్నీ రాంచంద్రకు నేర్పింది మల్లేశయ్య. ఆ చుట్టుపక్కల మొట్టమొదట బోరులో మోటారు దించిన మనిషి అతనే.

రాంచంద్రకు ఇంకో పేరు కూడా ఉంది. ఏ ఊళ్లో ఎవరు మంచం పట్టినా, వాళ్ల వాకిట్లో ముందు ఆగే బండి అతనిది. చేతిలో బ్రెడ్డు పాకెట్టు, ఒక కొబ్బరిబోండం. మంచం పట్టె మీద కూర్చుని, "ఏం గాదు, లేస్తవ్" అని, చాయ తాగి లేచేవాడు. అలాంటి పలకరింపులు ఏడాదికి నూరు దాటేవి. ఒకే రోజున మూడు ఊళ్లలో ముగ్గురిని చూసి, నాలుగో ఊళ్లో మోటారు తీసిన ఘనత కూడా ఉంది. "రాంచంద్ర రాలేదంటే నాకింకా రోగం రానట్టే" అని ముసలివాళ్లు నవ్వేవాళ్లు. అతని గేటుకు గొళ్లెం ఉండేది గానీ, అది పడగా చూసినవాళ్లు లేరు.

నిరుడు వానాకాలంలో అతని కూతురు భవితకు జ్వరం వచ్చేది, పోయేది. ఆరేళ్లు నిండలేదింకా. దెబ్బ తగలకుండానే కాళ్ల మీద కమిలిన మచ్చలు. ఒకరోజు బడిలో ముక్కునుంచి రక్తం ఆగకుండా కారితే టీచరు ఫోన్ చేసింది. రక్తపరీక్ష చేయించిన డాక్టరు కాగితం వైపు చూసి, తల్లిదండ్రుల వైపు చూసి, సిటీలో పిల్లల క్యాన్సర్‌కు వైద్యం చేసే దవాఖాన పేరు రాసిచ్చాడు.

అక్కడి డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. ఇది రక్తపు క్యాన్సర్. పిల్లలకు వచ్చే ఈ రకం చాలామందికి నయమవుతుంది. కానీ రెండున్నరేళ్లు మందు నడవాలి. ఆ మందు రోగంతో పాటు, ఒంట్లో రోగాలతో కొట్లాడే కణాలను కూడా చంపుతుంది. ఆ కణాల లెక్కనే కౌంట్ అంటారు. కౌంట్ పడిపోయిన రోజుల్లో, మామూలు పిల్లలకు నాలుగు రోజుల్లో తగ్గే జబ్బు ఈ పాప ప్రాణం మీదికి తెస్తుంది.

బయటికి వచ్చాక భార్య నిర్మల అడిగింది. "ఏం సమజైంది నీకు?"

"రెండున్నరేండ్లు క్లాంపు ఇడువొద్దంటున్నరు" అన్నాడు రాంచంద్ర.

మొదటి నెల మొత్తం దవాఖానలోనే. పాప పక్కన ఒక్కరినే ఉండనిచ్చేవాళ్లు. నిర్మల ఉండేది. రాంచంద్ర కింద. అతనికి కూర్చోవడం చేతకాదు. నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కి, అద్దాల తలుపు ముందు నిలబడి, మళ్లీ దిగేవాడు. చాయ కొనుక్కుని సగం తాగి పారబోసేవాడు. వరండాలో కారుతున్న నల్లా కనిపిస్తే జేబులోంచి దారం తీసి చుట్టి బిగించాడు. కిర్రుమనే తలుపుకు నూనె వేశాడు. గేటు దగ్గరి వాచ్‌మన్ ప్రభుదాస్ మూడు రోజులు చూసి, నాలుగో రోజు అడిగాడు.

"అన్నా, నువ్వు పేషెంటు మనిషివా, రిపేరుకొచ్చినవా?"

"రిపేరుకే వచ్చిన. మీద నడుస్తున్నది" అన్నాడు రాంచంద్ర, నాలుగో అంతస్తు వైపు చూపించి.

నిర్మల సంగతి వేరు. ఇంటర్ చదివిన మనిషి. రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి కొని, ఏ పూట ఏ గోలీ, ఏ పూట ఎంత జ్వరం, ఎన్ని నీళ్లు తాగింది, ఎన్నిసార్లు కక్కింది, అన్నీ టైముతో సహా రాసేది. మందుల పేర్లు చూడకుండా చెప్పేది. ఆ నోట్‌బుక్కును డాక్టరమ్మ అడిగి తీసుకుని మిగతా తల్లులకు చూపించింది. ఇబ్రహీంపట్నం కోడలు సిటీ దవాఖానలో పదిమందికి మాదిరిగా నిలబడిందంటే అది చిన్న విషయం కాదు.

ఇంటికి పంపేటప్పుడు నర్సు మహేశ్వరి ఒక కాగితం చదివి వినిపించింది. జ్వరం నూరు దాటితే ఇంట్లో గోలీ వేయకుండా సరాసరి రావాలి. కోసి నిలవ ఉంచిన పండ్లు పెట్టొద్దు. చుట్టాలెవరూ పాప దగ్గరికి రావొద్దు. చివరి మాట దగ్గర ఆమె వేలుపెట్టి ఆగింది. "ఎవరింట్లనన్న తల్లి పోసి పొక్కులు లేచినయంటే, ఆ ఇంటి మనిషి పాప దగ్గరికొచ్చిండంటే, ఆ రోజే ఫోన్ చేయాలె. గంట గూడ ఆగొద్దు. ఇప్పటిదాక పాపకు తల్లి పోసిందా? టీకా ఏమన్న వేయించిన్రా?"

"రెండూ లేవు మేడం" అంది నిర్మల.

ఇంటికొచ్చిన రోజే పలకరింపులు మొదలయ్యాయి. పద్నాలుగేళ్లుగా రాంచంద్ర తొక్కిన గడపలన్నీ ఇప్పుడు అతని గడపకు బయలుదేరాయి. ఆటోల్లో, బండ్ల మీద, బస్సుల్లో వచ్చారు. బ్రెడ్డు పాకెట్లు వంటింట్లో గుట్ట పడ్డాయి. వచ్చిన ప్రతివాళ్లూ పాప నున్నటి తల మీద చెయ్యి పెట్టి నిమిరి ఏడ్చేవాళ్లు. దగ్గేవాళ్లు, తుమ్మేవాళ్లు. నిర్మల ఒకటి రెండుసార్లు అడ్డం నిలబడింది. మూడోరోజు పొద్దున ఇంటి పక్క రిపేరు షెడ్డులోంచి మోటారు నీలిరంగు తాడు తెచ్చి, గేటుకు ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి నడుము ఎత్తున కట్టేసింది.

రాంచంద్ర అది చూసి ఇంట్లోకీ బయటికీ నాలుగుసార్లు తిరిగాడు. "నిర్మలా, మనింటికి తాడా? మంది ఏమంటరు?"

"మందికి జవాబు నేను చెప్త. నువ్వు షెడ్డుల పని చూస్కో."

మొదట దొరికినవాడు ఎదురింటి ముత్యాలు. ఆటో నడుపుతాడు, నోరు పెద్దది. తాడు దగ్గర నిలబడి వీధంతా వినబడేటట్టు అరిచాడు. "ఏం రాంచంద్రన్నా, బర్రెను కట్టేసినవా, మమ్ముల కట్టేసినవా? మా నాయిన కాలు ఇరిగినప్పుడు దినాం వచ్చి కూసున్నవ్ గదా. ఇప్పుడు మేమొస్తే తాడా?"

రాంచంద్రకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి, "పాపకు కౌంట్ లేదే ముత్యాలూ" అని షెడ్డులోకి పోయి, రిపేరు అక్కరలేని మోటారు ఒకటి విప్పి కూర్చున్నాడు.

అలా ఏడు నెలలు గడిచాయి. వారానికి ఒకసారి, ఒక్కోవారం రెండుసార్లు సిటీకి పోవడం, వెన్నులో సూది, చేతిలో సూది, కౌంట్ ఎక్కడం, పడటం. తాడు మాత్రం కదలలేదు.

ఒక ఆదివారం పగలు, పన్నెండు కావస్తుండగా, మహేశ్వరం పక్క ఊళ్లో ఇచ్చిన రాంచంద్ర అక్క సుశీల వచ్చింది. పదేళ్ల కూతురు నందినిని వెంటబెట్టుకుని వచ్చింది. నిర్మల అప్పటికే బిందె పట్టుకుని సందు చివర గంట పట్టే నీళ్ల వరుసకు పోయింది. పోతూ మొగుడికి చెప్పి పోయింది. "మొన్ననే కౌంట్ పడ్డది. ఎవరొచ్చినా బయటనే."

సుశీల తాడు దగ్గర ఆగి, దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూసింది.

"తమ్మీ, అమ్మ పోయినంక నీకు జుట్టు దువ్వింది నేనేనా, ఇంకెవరన్ననా?"

"నువ్వే అక్కా. అది గాదు..."

"మరి నాకు గూడ తాడేనా? ఏడు నెల్లసంది నా మేనకోడలి మొఖం ఫోన్‌ల చూస్తున్న. మీరు మస్తు పెద్దోళ్లైన్రు. పో, మేము బస్సెక్కుతం."

ఆరువందల మోటార్లు జారనివ్వని చెయ్యి ఆ ముడిని విప్పింది. "జరసేపే అక్కా. నిర్మల వచ్చేలోపల."

నందిని పరుగున పోయి భవిత మంచం ఎక్కింది. ఇద్దరూ ఒకే దుప్పటిలో దూరి బొమ్మలు గీసుకున్నారు. నందిని తన తలకున్న ఎర్ర హెయిర్‌బ్యాండ్ తీసి భవిత నున్నటి తలకు పెట్టింది. అది జారి ముక్కు మీద పడ్డప్పుడల్లా ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఏడు నెలల్లో ఆ పిల్ల అంతగా నవ్వడం చూడలేదు రాంచంద్ర. గంటసేపు వాళ్లను లేపబుద్ధి కాలేదు.

నిర్మల బిందెతో వచ్చి, వదినెను చూసి, మంచం మీది పిల్లలను చూసి, బిందె దించింది. "బాగున్నవా వదినె" అని మాత్రం అంది. ఆ మాట తర్వాత సుశీల ఎక్కువసేపు కూర్చోలేదు.

గురువారం పొద్దున రాంచంద్రకు అక్క వాళ్ల ఊళ్లోనే పని పడింది. రత్నాకర్ అనే రైతు బోరు. టమాటా తోట ఎండుతున్నది. ఇద్దరు కూలీలతో తొమ్మిదింటికే పని మొదలుపెట్టాడు. పదింటికి సగం పైపులు బయటికొచ్చాయి. కూలీలు చాయకు కూర్చుంటే, రాంచంద్ర ఎప్పటిలాగే అక్క ఇంటివైపు నడిచాడు. రెండు గల్లీలు దాటితే అదే ఇల్లు.

వాకిలికి పది గజాల దూరంలో అతని కాళ్లు ఆగిపోయాయి. గడప పైన రెండు వైపులా పచ్చి వేపమండలు కట్టి ఉన్నాయి. వాకిట్లో పసుపునీళ్లు చల్లి ఉన్నాయి.

తెలంగాణలో పుట్టినవాడికి ఆ వేపమండలు ఏం చెబుతాయో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఇంట్లో తల్లి పోసింది. అమ్మవారు చుట్టంగా వచ్చి కూర్చుంది. ఆమెను రోగమని అనరు, పేరు పెట్టి అడగరు, దవాఖానకు పోరు, ఊళ్లో చెప్పుకోరు. చల్లని పదార్థాలు పెట్టి, ఆమె పోయేదాకా మౌనంగా ఉంటారు. రాంచంద్ర కూడా ఇన్నేళ్లు అలాంటి వాకిళ్ల ముందు చెప్పులు విడిచి దండం పెట్టి నడిచినవాడే. ఇవాళ దండానికి చేతులు లేవలేదు.

రోడ్డు మీదినుంచే పిలిచాడు. "అక్కా! ఓ అక్కా!"

సుశీల గడపలోకి వచ్చింది. తమ్ముడు లోపలికి రాకుండా రోడ్డు మీద నిలబడటం ఆమె ఎన్నడూ చూడలేదు. "గక్కడ నిలవడ్డవేంది? రా."

"ఎవరికి పోసింది అక్కా?"

సుశీల పెదవుల మీద వేలు పెట్టింది. "గట్ల అడుగుతరారా? తల్లికి ఇనబడ్తది."

"ఇననీ. నందినికేనా?"

"... అవ్."

"ఎన్నడు?"

"నీకెందుకు దినాలు? తల్లి తనంతట తానొచ్చింది, తనంతట తాను పోతది."

"అక్కా, నీ కాళ్లు మొక్కుత. ఎన్నడు లేచినయ్ పొక్కులు?"

ఆ గొంతు విని సుశీల మొహం మారింది. "మంగళారం పొద్దుగాల" అంది. తర్వాత తనే లెక్కపెట్టుకుంది. ఆదివారం, సోమవారం, మంగళవారం. ఒకే దుప్పటి. "తమ్మీ, నాకు ఎర్కలేదురా. అప్పుడు బాగనే ఉండెరా పిల్ల. చెప్దామనుకున్న. తల్లి మాట ఫోన్‌ల ఎట్ల చెప్పాల్నని..."

రాంచంద్ర వినలేదు. అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకుని బోరు వైపు పరుగెత్తుతున్నాడు.

"సిస్టర్, నేను భవిత నాయిన్ని. మా అక్క బిడ్డకు మంగళారం తల్లి పోసింది. ఆదివారం మా ఇంటికొచ్చింది."

"ఎన్ని గంటలకు?" మహేశ్వరి గొంతులో తొందర లేదు. పక్కన పెన్ను చప్పుడు వినిపించింది. "పాపకు ఎంత దూరంల ఉండె? వాకిట్లనా, ఇంట్లనా?"

వాకిట్లనే అని చెప్పవచ్చు. తాడు అట్లనే ఉండె, దూరంనుంచే చూసిపోయిన్రు అని చెప్పవచ్చు. నాలుగు మండలాల్లో పేరున్నవాడు, ఒక్క తాడు పట్టుకోలేకపోయాడని ఏ నోటితో చెప్పాలి?

"పన్నెండింటికి సిస్టర్. ఒకటే మంచం. ఒకటే దుప్పటి. గంటసేపు. ఆమె తలది తీసి మా పిల్ల తలకు పెట్టింది. తాడు నేనే విప్పిన. మా ఇంటామె లేదు."

"మంచిగ చెప్పిన్రు. ఇట్ల చెప్తేనే మాకు పని అయితది. పొక్కులు లేచే రెండు రోజుల ముందుసంది తగులుతది. ఆదివారం పన్నెండు. ఇయ్యాల గురువారం, పది దాటింది. నాలుగు రోజులలోపల దాన్ని అడ్డుకునే సూది పడితే మంచిది. ఇప్పుడే బయలుదేరుండ్రి. వార్డుకు రావొద్దు, వెనక గేటు కాడికి రాండ్రి. అక్కడ వేరే పిల్లలు ఉండరు."

బోరు దగ్గర పైపులు సగం పైన, సగం లోపల. రాంచంద్ర క్లాంపు బోల్టులు రెండూ మళ్లీ ఒకసారి బిగించి, తాడుకు రెండో ముడి వేసి, రత్నాకర్ వైపు తిరిగాడు. "అన్నా, నా బిడ్డను దవాఖానకు తీస్కపోవాలె. ఇంకో మెకానిక్‌ను పిలుచుకోరి. వాడొచ్చేదాక ఎవరూ ముట్టొద్దు." ఆరువందల మోటార్లలో అతను సగంలో వదిలి వచ్చింది అదొక్కటే.

దారిలో నిర్మలకు ఫోన్ చేశాడు. తిట్టుకు సిద్ధపడి చేశాడు. ఆమె తిట్టలేదు. "నేను ముత్యాలన్న ఆటోల వస్తున్న. నువ్వు అట్లనే వెనక గేటుకు రా" అని పెట్టేసింది. తాడు చూసి వీధంతా అరిచిన ముత్యాలు, ఆ రోజు ఎక్కిన సవారీని సగం దారిలో దించి, ఆటో సీటును సబ్బునీళ్లతో తుడిచి, మూతికి రుమాలు కట్టుకుని, సాగర్ రోడ్డు మీద హారన్ కొడుతూ తీసుకుపోయాడు. పదకొండూ నలభైకి దవాఖాన వెనక గేటు దగ్గర దించాడు.

అప్పటికే బండి మీద వచ్చి ఉన్న రాంచంద్ర పాపను అందుకోగానే, ప్రభుదాస్ అడ్డంగా నిలబడ్డాడు. "అన్నా, ఇక్కడనే ఆగాలె. లోపలికి ఇడువొద్దన్నరు. ఈ పాపనుంచి మీది అంతస్తు పిల్లలకు తగులుతదంట."

ఏడు నెలలుగా తమ గేటుకు కట్టిన తాడు లాంటిదే ఇప్పుడు తమ ముందు ఉంది. రాంచంద్ర పాపనెత్తుకుని గోడ నీడలో నిలబడ్డాడు. నర్సు అక్కడికే వచ్చి, పక్క గదిలో రెండు తొడలకూ సూదులు వేయించింది. ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పింది. మామూలుగా ఇరవై ఒక్క రోజులు చూస్తే చాలు గానీ, ఈ సూది వేస్తే పొక్కులు ఆలస్యంగా బయటపడవచ్చు గనక ఇరవై ఎనిమిది రోజులు చూడాలి. ఒంటి మీద ఒక్క పొక్కు కనిపించినా పరుగెత్తి రావాలి. అది లోపలికి, ఊపిరితిత్తుల్లోకి దిగితే కష్టం. క్యాన్సర్ మందు కూడా కొన్నాళ్లు ఆపక తప్పదు.

ఆ రోజు ఇంటికొచ్చాక నిర్మల చేసిన మొదటి పని, ఆ ఎర్ర హెయిర్‌బ్యాండును కవరులో పెట్టి మూతి కట్టి దూరంగా పడేయడం. రెండోది, గేటుకు తాడు మళ్లీ కట్టడం. ఈసారి మూడు ముడులు వేసింది.

"తిట్టరాదూ" అన్నాడు రాంచంద్ర.

"తిడితే దినాలు తక్కువైతయా? పట్టు, ఈ కొస గుంజు."

ఇరవై ఎనిమిది రోజులు ఎట్లా గడిచాయో ఆ ఇంటిని అడగాలి. రోజూ పొద్దున స్నానం చేయించేటప్పుడు నిర్మల పాప ఒళ్లంతా, చెవుల వెనక, వేళ్ల సందుల్లో, నోటి లోపల చూసి నోట్‌బుక్కులో రాసేది. "ఏం లేదు." రాంచంద్ర తలుపు అవతల నిలబడి ఆ రెండు మాటల కోసం వినేవాడు. వినగానే షెడ్డులోకి పోయేవాడు. పది నిమిషాలకు మళ్లీ వచ్చేవాడు. దూరం పనులు ఒప్పుకోలేదు. దగ్గరి పనులకు పోయినా, పైపు పైపుకూ మధ్య ఫోన్ తీసి చూసేవాడు. తినేటప్పుడు నిలబడి తినేవాడు.

"డాడీ, నువ్వు ఎందుకు తిరుగుతనే ఉంటవ్?" అంది భవిత కిటికీలోంచి.

"మోటారు ఎండకుండ బిడ్డా."

"నువ్వు మోటారువా?"

"అవ్. మీ అమ్మ స్టార్టరు."

పద్నాలుగో రోజు నిర్మల నోటినుంచి ఆ రెండు మాటలు రాలేదు. తలుపు తెరిచి, "గిటు రా" అంది. మెడ వెనక ఎర్రటి చుక్క ఒకటి. జ్వరం చూస్తే లేదు. ముత్యాలు ఆటో మళ్లీ బయలుదేరింది. దారి పొడుగునా రాంచంద్ర ఆ చుక్క పక్కన ఇంకొకటి లేస్తుందేమోనని కన్ను తీయలేదు. వెనక గేటు దగ్గర చిన్న డాక్టరు టార్చి వేసి, భూతద్దంతో చూసి, నవ్వాడు.

"ఇది దోమ కుట్టింది."

"దోమనే గదా సార్? జర ఇంకోసారి చూడుండ్రి" అన్నాడు రాంచంద్ర. రెండోసారి కూడా దోమే. తిరుగుదారిలో ముత్యాలు, "ఇరవై ఏండ్లసంది ఆటో నడుపుతున్న, దోమను దవాఖానకు తీస్కపోవుడు ఇదే మొదలు" అన్నాడు. నిర్మల ఆ రోజు కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

ఆ రోజుల్లోనే మల్లేశయ్య మంచం పట్టాడు. ఎనభై ఏళ్లు దాటినవాడు, ఒకటే దగ్గు. ఊరందరూ చూసి వచ్చారు. రాంచంద్ర పోలేదు. మంది రాంచంద్ర పేరు పెట్టి అడగడం మొదలుపెట్టారు. గురువు మంచం పడితే శిష్యుడు రాకపోవడమా? మంది ముచ్చట ముత్యాలే వచ్చి చెప్పాడు, ఈసారి మెల్లగా, తాడు అవతల నిలబడి.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం రాంచంద్ర ఉండబట్టలేక బయలుదేరాడు. మల్లేశయ్య వాకిట్లో వేపచెట్టు నీడన మంచం. ప్రహరీ గోడ ఛాతీ ఎత్తు ఉంటుంది. రాంచంద్ర మూతికి రుమాలు కట్టుకుని గోడ అవతల రోడ్డు మీదే నిలబడ్డాడు.

"తాతా! ఎట్లున్నవ్?"

ముసలాయన మెడ తిప్పి చూశాడు. "ఎవడ్రా? రాంచంద్రా? దొంగలెక్క గోడ అవతల నిలవడ్డవేందిరా? లోపలికి రా."

"రాను తాతా. నీకు దగ్గుంది. నా బిడ్డకు కౌంట్ లేదు."

"ఆఁ?"

"కౌంట్ లేదు!"

"అట్లయితే జోరుగ మాట్లాడు. నా చెవులకు గూడ కౌంట్ లేదు."

వాకిట్లో కూర్చున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. మల్లేశయ్య దగ్గి, ఊపిరి తీసుకుని, మళ్లీ అడిగాడు. "రత్నాకర్ బోరుకాడ మోటారును సగంల ఇడిసి వోయినవంట?"

"పోయిన తాతా."

"క్లాంపు?"

"బిగిచ్చే పోయిన. రెండు బోల్టులు. తాడుకు రెండు ముడులు."

"గదే అడుగుదామనుకున్న" అని మల్లేశయ్య కళ్లు మూసుకున్నాడు. "పో. బిడ్డను చూస్కో. నన్ను చూడనీకి ఊరుంది."

రాంచంద్ర గోడ మీదినుంచే దండం పెట్టాడు. చాయ తాగకుండా ఒక పలకరింపు ముగియడం అతనికి అదే మొదటిసారి. అయినా వెనక్కి తిరిగేటప్పుడు, ఎన్నో రోజుల తర్వాత, అడుగు కొంచెం నిదానంగా పడింది.

ఇరవై ఎనిమిదో రోజు కూడా "ఏం లేదు" అని నోట్‌బుక్కులో పడింది. మర్నాడు దవాఖానలో ముందు గేటు తెరిచారు. కౌంట్ మెల్లగా లేస్తున్నదనీ, ఆపిన మందు మళ్లీ మొదలుపెడదామనీ డాక్టరమ్మ చెప్పింది. ఇంకా ఏడాదిన్నర పైగా మిగిలి ఉంది.

ఇంటికొచ్చేసరికి గేటు అవతల సుశీల నిలబడి ఉంది. ఎండలో, ఒక్కతే. ఎంతసేపయిందో. తాడును ముట్టుకోలేదు, రెండు అడుగుల దూరంలో ఆగింది. తమ్ముడు ఆటో దిగగానే, ఎట్లున్నరని అడగలేదు. బడిలో పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది.

"నందినికి పొక్కులెండి రాలి మూడు వారాలైంది. మా ఇంట్ల ఇంకెవరికీ పోయలేదు. జ్వరం లేదు. దగ్గు లేదు. జలుబు లేదు. బస్సుల మూతికి గుడ్డ కట్టుకుని వచ్చిన. నేను ఈడనే నిలవడ్త. లోపలికి రాను."

నిర్మల భవితను ఎత్తుకుని తాడు కిందినుంచి వంగి లోపలికి పోయింది. రాంచంద్ర కూడా పోయాడు. పోయినవాడు ఇంట్లోంచి ఒక స్టూలు తెచ్చి, తాడు మీదినుంచి అవతలికి అందించాడు.

"నీడకు ఏస్కో అక్కా. తిన్నవా?"

"తిన్న."

"అబద్ధం."

"అవ్, తినలే. నీకెందుకు?" సుశీల స్టూలు గోడ నీడకు జరుపుకుని కూర్చుని, చేతిసంచిలోంచి చిన్న కవరు తీసింది. దుకాణంలో కట్టిన ముడి ఇంకా విప్పలేదు. "కొత్తది. ఎవరూ తలకు పెట్టుకోలేదు. నిర్మలకు ఇష్టముంటేనే."

నిర్మల ఒక గంజులో డెట్టాల్ నీళ్లు పట్టుకుని వచ్చింది. కవరు విప్పకుండానే ఆ నీళ్లలో ముంచి, తర్వాత విప్పి, లోపలున్న పసుపుపచ్చ హెయిర్‌బ్యాండును మళ్లీ ముంచి, బట్టలారేసే తీగ మీద ఎండకు వేసింది. "రేపటికి ఆరితే పెడ్త వదినె" అంది.

"అత్తా!" కిటికీలోంచి భవిత అరిచింది. "నందిని రాలేదా?"

"వస్తది బిడ్డా. నీ కౌంట్ అడిగి వస్తది" అంది సుశీల, రోడ్డు అవతల వాళ్లకు కూడా వినబడేటంత గట్టిగా.

నిర్మల అన్నం గిన్నె తెచ్చి తాడు అవతల పెట్టింది. రాంచంద్ర లోపలి వైపు గట్టు మీద కూర్చున్నాడు. కూర్చున్నాడే గానీ, చెయ్యి ఊరికే ఉండలేదు. మాట్లాడుతూనే తాడు ముడులు ఒక్కొక్కటీ తడిమి, మూడోది కొంచెం వదులైనట్టు అనిపిస్తే మళ్లీ బిగించాడు.